ఉమ్మడి ఇల్లు కోర్టు వేలంలో అమ్మాక సొమ్ము ఎలా పంచుకున్నాం: నా అనుభవం

నాన్న తన సంపాదనతో కట్టిన ఇల్లు అది. వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ, అన్నయ్య, నేను, చెల్లెలు, తమ్ముడు, మొత్తం ఐదుగురం వారసులం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ పిల్లలకూ సమానంగా వస్తుంది కాబట్టి తలా ఐదో వంతు. ఈ మాట మీద మా ఇంట్లో ఎవరికీ తగువు లేదు. తగువంతా ఆ వంతు అంటే ఎంత డబ్బు అన్న దగ్గరే వచ్చింది. ఇల్లు అమ్మగానే వచ్చిన మొత్తాన్ని మనుషుల లెక్కన భాగిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మధ్యలో అప్పులుంటాయి, అద్దెలుంటాయి, ఒకరు సొంత డబ్బుతో కట్టిన గోడలుంటాయి. అవన్నీ తేలాకే భాగహారం. ఆ తేల్చడం ఎలా జరిగిందో తెలిస్తే ఇలాంటి కేసులో ఉన్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. కింద అన్నయ్య కుటుంబం, వాళ్ళతోపాటు అమ్మ. వీధి వైపున్న షాపు గదులు అద్దెకిచ్చాం, ఆ అద్దెలు అన్నయ్యే వసూలు చేసేవాడు. నాన్న తీసుకున్న ఇంటి లోను ఆయన పోయేనాటికి ఇంకా మిగిలి ఉంటే అన్నయ్యే కట్టి తీర్చాడు. నాన్న పోయిన తర్వాత తమ్ముడు తన డబ్బుతో మేడ మీద ఒక పోర్షన్ వేసుకున్నాడు. మాకందరికీ తెలిసే వేసుకున్నాడు, ఎవరూ వద్దనలేదు. చెల్లెలు విదేశంలో ఉంటుంది. నేను పెళ్ళయి వేరే చోట ఉంటున్నాను.

పంచుకుందామని అడిగితే బంధువుల్లో ఒక పెద్దాయన, "మగపిల్లలు కాపురం ఉంటున్న ఇంటిని ఆడపిల్లలు పంచమని అడగకూడదమ్మా, చట్టమే ఒప్పుకోదు" అన్నారు. ఒకప్పుడు ఆ మాట నిజమే. వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అలాగే ఉండేది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని తీసేసింది. నేనూ చెల్లెలూ కలిసి పార్టిషన్ దావా వేశాం. చెల్లెలి తరఫున నాకు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే దాని బదులు నేను కేసు నడిపే అధికార పత్రం, ఉంది. అక్కడి భారత ఎంబసీలో సంతకం చేసి పంపింది, ఇక్కడికి చేరాక మూడు నెలల లోపు స్టాంపు వేయించాం. ఆ గడువు దాటితే పత్రం మీద పేచీ వస్తుంది.

దావా రాసేటప్పుడు మా వకీలు గారు పట్టుబట్టి రాయించిన వాక్యం ఒకటుంది. వాటాలు పంచమనడంతో ఆపకుండా, షాపు గదుల అద్దెల లెక్క చెప్పి అందులోనూ మా వంతు ఇప్పించమని అడిగాం. "లెక్కలు కావాలంటే ప్లెయింటులోనే అడగాలమ్మా. చివర్లో గుర్తొచ్చిందంటే మళ్ళీ సవరణ పిటిషన్, మళ్ళీ వాయిదాలు" అన్నారు. అన్నయ్య కూడా తన జవాబులో లోను తీర్చిన సంగతి రాశాడు, తమ్ముడు మేడ పోర్షన్ సంగతి రాశాడు. ఇలా ఎవరికి రావాల్సింది వాళ్ళు మొదట్లోనే కాగితం మీద పెట్టడం వల్ల ఆ తర్వాత చాలా వాదన తగ్గింది.

పార్టిషన్ దావాలో రెండు డిక్రీలు, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వులు, ఉంటాయి. మొదటిది ప్రిలిమినరీ డిక్రీ, ఎవరి వాటా ఎంతో చెబుతుంది. రెండోది ఫైనల్ డిక్రీ, ఆస్తిని నిజంగా విడదీసి చేతికిచ్చేది. మాకు మొదటిది తలా ఐదో వంతని వచ్చింది. అది వచ్చాక, రెండోది రాకముందు, అమ్మ పోయింది.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇల్లు అమ్మే మాట మేం ఎత్తలేదు. ఆవిడ బతికి ఉండగా ఆ ఇంటి మీద వేలం డప్పు వినకూడదన్నది నాకూ చెల్లెలికీ ఉన్న ఒకే మాట. అమ్మ కూడా వీలునామా రాయలేదు కాబట్టి ఆవిడ ఐదో వంతు మా నలుగురికీ సమానంగా వచ్చింది. దాంతో తలా నాలుగో వంతయింది. ప్రిలిమినరీ డిక్రీ ఒకసారి ఇచ్చేశాక వాటాలు మారవని మా అన్నయ్య తరఫున వాదించారు గానీ నిలబడలేదు. ఫైనల్ డిక్రీకి ముందు వాటాదారు చనిపోయి వాటాలు మారితే కోర్టు ఆ మార్పును లెక్కలోకి తీసుకోవచ్చని 1967లోనే సుప్రీంకోర్టు ఫూల్‌చంద్ కేసులో చెప్పింది. మా వకీలు గారు ఆ తీర్పు చూపించారు.

ఈ మార్పుతో ఇంకో విషయం కూడా మారింది. 1893 నాటి పార్టిషన్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో 2వ సెక్షన్ ప్రకారం, విడదీయడం వీలుకాని ఆస్తిని అమ్మి సొమ్ము పంచమని సగం గానీ అంతకు మించి గానీ వాటా ఉన్నవాళ్ళు అడగాలి. అమ్మ ఉండగా మా ఇద్దరిదీ కలిపి ఐదింట రెండు వంతులే. అమ్మ పోయాక నాలుగింట రెండు, అంటే సరిగ్గా సగం. అమ్మ పోవడం వల్ల మాకు దక్కిన హక్కు అది. ఆ పిటిషన్ మీద సంతకం పెడుతుంటే చేయి ఆడలేదు.

కోర్టు తన తరఫున పని చూడటానికి ఒక వకీలును, అంటే అడ్వకేట్ కమిషనర్‌ను వేసింది. ఆయన ఒక ఇంజనీరును వెంట తెచ్చుకుని ఇల్లంతా కొలిచారు. ఒకటే గేటు, ఒకటే మెట్లు, ఒకటే బోరు. స్థలం వెడల్పు తక్కువ, నాలుగు ముక్కలు చేస్తే ఏ ముక్కా ఇల్లుగా ఉండదు. అదే రిపోర్టులో రాశారు. అమ్మకమే అందరికీ మేలని కోర్టు అభిప్రాయపడింది.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. అమ్మమని అడగ్గానే మిగతా వాటాదార్లకు ఒక హక్కు పుడుతుంది. 3వ సెక్షన్ కింద, అమ్మమని అడిగిన వాళ్ళ వాటాను కోర్టు కట్టిన విలువకు కొనుక్కుంటామని వాళ్ళు అడగవచ్చు. అన్నయ్య అడిగాడు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే అయింది. ఇల్లు ఇంట్లోనే ఉంటుంది, మా వంతు మాకొస్తుంది. కోర్టు మా సగానికి విలువ కట్టించి గడువిచ్చింది. కేసులో ఉన్న ఆస్తి మీద అప్పిచ్చే బ్యాంకు అన్నయ్యకు దొరకలేదు. గడువు పొడిగించమంటే మేం అభ్యంతరం చెప్పలేదు, కోర్టూ పొడిగించింది. అయినా డబ్బు సమకూరలేదు. అలా కొనలేకపోయినవాళ్ళు ఆ దరఖాస్తుకయిన ఖర్చులు భరించాలని ఆ సెక్షన్లోనే ఉంది. ఆ ఖర్చు తర్వాత ఆయన వంతులోంచి తగ్గింది.

ఇక వేలం. ఇంతకంటే తక్కువకు కొట్టకూడదని కోర్టు ఒక కనీస ధర పెట్టింది, అప్‌సెట్ ప్రైస్ అంటారు. వాటాదార్లు కూడా పాడవచ్చు. అనుమతి తీసుకుంటే తమ వాటా మేరకు డబ్బు కట్టకుండా అందులో తగ్గించుకోవచ్చు. తమ్ముడు ఆ అనుమతి తీసుకుని పాడాడు, కొంతదూరం పోయి ఆగిపోయాడు. బయటి మనిషికి దక్కింది. పాడుకున్నవాళ్ళు 25 శాతం అప్పటికప్పుడు కట్టాలి, మిగతాది 15 రోజుల్లో కట్టాలి. ఈ రెండు గడువులూ తప్పనిసరి, జడ్జి దయతలచి పొడిగించే వీలు లేదు.

ఆ తర్వాత వేలంలో లోపాలున్నాయని అన్నయ్య పిటిషన్ వేశాడు. వేలం రద్దు చేయమని అడగడానికి 60 రోజుల గడువుంటుంది. ఆయన గడువులోనే వేశాడు, కోర్టు విని కొట్టేసింది, అమ్మకాన్ని ఖరారు చేసింది. ఆ పిటిషన్ నడిచినన్నాళ్ళూ వేలం సొమ్ము కోర్టు ఖాతాలో ఊరికే ఉండిపోకుండా, జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమని మేం వెంటనే ఒక పిటిషన్ వేశాం. అడిగితేనే చేస్తారు. అడగకపోతే అంత సొమ్ము మీద వడ్డీ ఉండేది కాదు. నలుగురికీ లాభమే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు.

అసలు పని అప్పుడు మొదలయింది. మొత్తం సొమ్ములోంచి ముందు పోయేవి వేలం ఖర్చులు, అంటే కమిషనర్ ఫీజు, పేపర్ ప్రకటన, విలువ కట్టినందుకు ఇంజనీరు ఫీజు. తర్వాత ఆస్తి మీద ఉన్న బకాయిలు. తగువు నడుస్తున్న కాలంలో ఎవరికి వారు "వాళ్ళు కడతార్లే" అనుకోవడంతో ఇంటి పన్ను పేరుకుపోయింది. అది వడ్డీతో సహా అందరి సొమ్ములోంచి పోయింది. మిగిలిందే పంచుకునే సొమ్ము.

దాన్ని నాలుగుతో భాగిస్తే అయిపోదా? అన్నయ్య తీర్చిన లోను అందరి అప్పు. ఆయన వసూలు చేసిన అద్దెలు అందరి అద్దెలు. మేడ పోర్షన్‌కు పెట్టుబడి తమ్ముడిది. అసలు అంకెలు చెప్పడం నాకిష్టం లేదు, పద్ధతి అర్థం కావడానికి చిన్న అంకెలు తీసుకుంటాను. కోర్టులో మిగిలిన సొమ్ము 100 అనుకోండి. అన్నయ్య తీర్చిన లోను 8. అన్నయ్య దగ్గరున్న అద్దెలు 12. మేడ పోర్షన్ వల్ల పెరిగిన విలువ 10.

అన్నయ్య వాళ్ళ వకీలు వేసిన లెక్క ఇలా ఉంది: 100ని నాలుగు చేస్తే తలా 25, దానిమీద మేం ముగ్గురం అన్నయ్యకు 8 ఇచ్చుకోవాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ లోనులో నాలుగో వంతు అన్నయ్య సొంత అప్పే కదా. ఆయనకు మా దగ్గర్నుంచి రావాల్సింది 6 మాత్రమే. అద్దెల్లో కూడా 12 మొత్తం మాది కాదు, అందులో 3 ఆయనవే. ఇలా ఒక్కొక్కదాన్నీ విడిగా నాలుగు చేసి కూడుతూ తీసేస్తూ పోతే ఎక్కడో ఒకచోట తప్పుతుంది.

కమిషనర్ వేసిన పద్ధతి తేలికగా ఉంది. అందరిదీ అయిన సొమ్మంతా ముందు ఒకచోట కుప్ప పోయాలి. కోర్టులో ఉన్న 100కి అన్నయ్య దగ్గరున్న అద్దె 12 కలిపితే 112. అందులోంచి అన్నయ్యకు లోను 8, తమ్ముడికి మేడ తాలూకు 10 తీసి పక్కన పెడితే 94. దాన్ని నాలుగు చేస్తే తలా 23.5. ఇప్పుడు అన్నయ్యకు 23.5కి 8 కలిపి, ఆయన చేతిలో ఇప్పటికే ఉన్న 12 తీసేస్తే 19.5. తమ్ముడికి 23.5కి 10 కలిపితే 33.5. నాకూ చెల్లెలికీ 23.5 చొప్పున. నాలుగూ కూడితే సరిగ్గా 100. ఎవరి లెక్కయినా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఈ చివరి కూడిక చాలు. కోర్టులో ఉన్న సొమ్ముతో సరిపోకపోతే ఎక్కడో ఒకటి రెండుసార్లు పడినట్టు.

పద్ధతి ఒప్పుకున్నాక 8, 12, 10 అనే ఆ అంకెల మీదే పోరంతా. లోను సంగతి త్వరగా తేలింది. అన్నయ్య ఖాతాలోంచి బ్యాంకుకు వెళ్ళినట్టు స్టేట్‌మెంట్లు ఉన్నాయి, మేం మారు మాట్లాడలేదు. అద్దెల దగ్గర మాత్రం చాలా వాయిదాలు పట్టింది. ఒక షాపు అద్దె బ్యాంకులో పడేది, ఇంకోటి చేతికిచ్చేవారు. చేతికిచ్చినదానికి రసీదుల్లేవు. అద్దె ఒప్పందంలో రాసిన మొత్తం, అద్దెకున్నాయన సాక్ష్యం, ఈ రెండింటితో కోర్టు ఒక అంకెకు వచ్చింది. అందులోంచి షాపుల మరమ్మతుకు అన్నయ్య పెట్టిన ఖర్చు తీసేశారు. అమ్మ బతికి ఉన్న కాలంలో ఐదో వంతు అద్దె అమ్మదే కాబట్టి, అది ఆవిడ కోసమే ఖర్చయిందని ఒప్పుకుని లెక్కలోంచి తప్పించారు. అది న్యాయమని నాకూ అనిపించింది.

అన్నయ్య కాపురమున్న పోర్షన్‌కు కూడా అద్దె కట్టించాలని చెల్లెలు అడగమంది. ఉమ్మడి ఆస్తిలో ఒక వాటాదారు ఉన్నంత మాత్రాన మిగతావాళ్ళకు అద్దె బాకీ పడడు. మమ్మల్ని రానివ్వకుండా గెంటేసి ఉంటే వేరే సంగతి. పండగలకు వెళ్ళి ఆ ఇంట్లోనే ఉండి వచ్చేవాళ్ళం, గెంటేశారని ఎలా చెబుతాం? అడగలేదు.

తమ్ముడు మేడకు తాను పెట్టిన ఖర్చంతా వడ్డీతో కావాలన్నాడు. ఖర్చెంతయిందన్నది చూడలేదు. ఆ పోర్షన్ ఉండటం వల్ల ఇంటి విలువ ఇవాళ ఎంత పెరిగిందో అదే ఇస్తామన్నారు. కట్టి చాలా ఏళ్ళయింది కాబట్టి తరుగుదల పోను ఇంజనీరు చెప్పిన అంకె అతను అడిగినదానికంటే బాగా తక్కువ. అతనికి కష్టంగానే ఉండింది. మరదలు నాకు ఫోన్ చేసి, "వదినా, ఇన్నేళ్ళూ ఈఎంఐలు కట్టింది మేమే కదా" అంది. మరదలి బాధ నిజమే. కానీ కొన్నవాడు ఆ మేడకు ఎంత ఇచ్చాడో అంతే మా దగ్గరుంది. అంతకు మించి ఇస్తే అది మిగతా ముగ్గురి వాటాలోంచి పోతుంది.

అమ్మ ఆస్పత్రి బిల్లులు కూడా అన్నయ్య దాఖలు చేశాడు. కోర్టు వాటిని ఇంటి లెక్కలో చేర్చలేదు, ఆస్తికి సంబంధించిన ఖర్చు కాదంది. చట్టం అక్కడితో ఆగింది. మంచాన ఉన్నన్నాళ్ళూ అమ్మకు స్నానం చేయించింది, రాత్రుళ్ళు మేలుకుంది వదిన. నేను వెళ్ళినప్పుడు నాలుగు రోజులుండి వచ్చేదాన్ని. చెల్లెలితో మాట్లాడాను, అది వెంటనే సరేనంది. మా ఇద్దరి వాటాలోంచి కొంత వదిన పేరున ఇవ్వమని జాయింట్ మెమో వేశాం. ఆ రోజు కోర్టు వరండాలో అన్నయ్య నాతో మాట్లాడాడు. దావా వేశాక నోరు విప్పి మాట్లాడటం అదే మొదలు. "అమ్మ సంగతి నువ్వయినా గుర్తుపెట్టుకున్నావే" అన్నాడు.

వేలం రోజు నుంచి అమ్మకం ఖరారయ్యేదాకా వచ్చిన అద్దెల మీద ఇంకో చిక్కు వచ్చింది. అమ్మకం ఖరారైతే ఆస్తి వేలం జరిగిన రోజు నుంచే కొన్నవాళ్ళదయినట్టు సివిల్ ప్రొసీజర్ కోడ్ 65వ సెక్షన్ చెబుతుంది. అంటే ఆ తేదీ తర్వాతి అద్దెలు మా నలుగురివీ కావు. అన్నయ్య అవి కూడా వసూలు చేశాడు. అవి ఆయన వంతులోంచి కొన్నాయనకు వెళ్ళాయి. మా అద్దెల లెక్క వేలం రోజుతో ముగిసింది.

సొమ్ము తీసుకోవడానికి ఎవరికి వారు చెక్ పిటిషన్ వేసుకోవాలి. గుర్తింపు కార్డు, పాన్, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు పెట్టాలి. డిపాజిట్ మీద వచ్చిన వడ్డీని ఎవరికి తేలిన సొమ్ము ప్రకారం వాళ్ళకు పంచారు. చెల్లెలి డబ్బు దాని ఎన్ఆర్ఓ ఖాతాకు, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళకు ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతాకు, వెళ్ళింది. అన్నయ్య వంతు మాత్రం ఆయన ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించాకే విడుదల చేశారు.

పన్ను సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. కోర్టు అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ పన్ను, అంటే అమ్మకంలో వచ్చిన లాభం మీద పన్ను, ఉంటుంది, ఎవరి వాటాకు వాళ్ళే కట్టాలి. వారసత్వంగా వచ్చిన ఇల్లు కాబట్టి నాన్నకు పడిన ఖరీదే మన ఖరీదు. 2001 ఏప్రిల్ 1కి ముందే సంపాదించిన ఆస్తి అయితే ఆ తేదీ నాటి విలువను తీసుకోవచ్చు. ఆ విలువకు మేం రిజిస్టర్డ్ వాల్యుయర్ దగ్గర ఒకే రిపోర్టు నలుగురికీ రాయించుకున్నాం, తలా ఒక అంకె చూపిస్తే నోటీసులు వస్తాయని ఆడిటర్ గారు చెప్పారు. 2024 జూలై 23కి ముందు సంపాదించిన ఇల్లు కాబట్టి ఇక్కడ నివసించే మా ముగ్గురికీ, ధరల పెరుగుదల మేరకు పాత ఖరీదును పెంచి చూపే ఇండెక్సేషన్‌తో 20 శాతమా, అది లేకుండా 12.5 శాతమా అని లెక్క వేసి ఏది తక్కువయితే అది కట్టే వీలుంది. విదేశంలో ఉన్న చెల్లెలికి ఆ వీలు లేదు, 12.5 శాతమే. వేలం ఖర్చుల్లో ఎవరి వంతు వాళ్ళు తగ్గించుకోవచ్చు కాబట్టి కమిషనర్ ఇచ్చిన ఖర్చుల మెమో సర్టిఫైడ్ కాపీ కోర్టు నుంచి తీసి నలుగురికీ పంపాను.